వంటగది కొటేషన్ న్యాయంగా ఉందా? సంతకం పెట్టే ముందు వేసుకోవాల్సిన లెక్క



ఇంట్లో ఏ పెద్ద పనైనా మనం పిల్లల వేసవి సెలవులకే పెట్టుకుంటాం. కొత్త ఫ్లాట్‌లోకి మారేవాళ్లు, పాత వంటగదిని మాడ్యులర్ కిచెన్‌గా మార్చాలనుకునేవాళ్లు సంక్రాంతి దాటగానే కొటేషన్లు తీసుకోవడం మొదలుపెడతారు. ఒకే వంటగదికి ఒక షోరూమ్ రెండు లక్షలు అంటుంది, మరొకటి మూడున్నర అంటుంది. వీధి చివర కార్పెంటర్ లక్షన్నరకే చేసిస్తానంటాడు. తక్కువ చెప్పినవారు నాసిరకం వేస్తారేమోనని భయం. ఎక్కువ చెప్పినవారు మన అమాయకత్వానికి వెల కడుతున్నారేమోనని అనుమానం.

జూన్‌లో ఫీజులు, పుస్తకాలు, యూనిఫారాలు ఎలాగూ ఉన్నాయి. వంటగది పనిలో యాభై వేలు అటూ ఇటూ అయితే ఆ నెల బడ్జెట్టే తలకిందులవుతుంది. కొటేషన్ న్యాయంగా ఉందో లేదో తేల్చడానికి మీరు ఇంజినీరు కానక్కర్లేదు. ఒక టేపు, ఒక నోటుబుక్కు, మీ అబ్బాయో అమ్మాయో ఏడో తరగతిలో నేర్చుకున్న వైశాల్యం లెక్క చాలు.

ముందు కొలత, తర్వాతే ధర

ఎక్కువ మంది మొదట అడిగేది "ఎస్‌ఎఫ్‌టీకి ఎంత?" అని. అంతకంటే ముందు "ఎస్‌ఎఫ్‌టీ ఎలా కొలుస్తారు?" అని అడగాలి. ఒకే వంటగదిని ఇద్దరు రెండు రకాలుగా కొలవవచ్చు.

ఎల్ ఆకారం వంటగదిని తీసుకుందాం. ఒక గోడ 10 అడుగులు, రెండో గోడ 8 అడుగులు. గట్టు కింది అరల లోతు 2 అడుగులు. మూలలో రెండు వరుసలూ కలుస్తాయి కాబట్టి రెండో గోడ వైపు బయటికి కనిపించేది 6 అడుగులే. అంటే ముందు భాగం పొడవు 16 అడుగులు. నేల దగ్గర పాదం పట్టీని వదిలేసి పెట్టె ఎత్తు మాత్రమే కొలిస్తే 30 అంగుళాలు, అంటే రెండున్నర అడుగులు. మొత్తం 16 × 2.5 = 40 చదరపు అడుగులు.

ఇంకొకరు మూలను రెండుసార్లు లెక్కేసి 18 అడుగులు తీసుకుంటారు. ఎత్తును నేల నుంచి గట్టు దాకా 34 అంగుళాలుగా కొలుస్తారు. అప్పుడు అదే వంటగది 51 చదరపు అడుగులు అవుతుంది.

ఇప్పుడు ధర చూడండి. కింది అంకెలు లెక్క అర్థం కావడానికే, మార్కెట్ ధరలని అనుకోవద్దు. మొదటివారు ఎస్‌ఎఫ్‌టీకి 1,500 రూపాయలు చెప్పారు: 40 × 1,500 = 60,000. రెండోవారు 1,300 చెప్పారు: 51 × 1,300 = 66,300. రేటు 200 తక్కువ, బిల్లు మాత్రం 6,300 ఎక్కువ.

మూలలో కూడా పెట్టె ఉంటుంది, చెక్క ఖర్చవుతుంది కాబట్టి దాన్ని లెక్కలో కలపడం మోసమేమీ కాదు. ఎవరు ఎలా కొలిచినా అందరి కొటేషన్లనూ మీరు ఒకే కొలతలోకి మార్చుకుని పోల్చాలి. డిష్‌వాషర్ కోసం వదిలిన ఖాళీని, ఫ్రిజ్ పెట్టే చోటును, సింకు కింద వెనక పలక లేని భాగాన్ని కూడా ఎస్‌ఎఫ్‌టీలో కలిపారా అని అడగండి. పై అరలు, అటకకు వేసే తలుపులు, నిలువు అలమర, వీటి రేట్లు వేరువేరుగా రాయించుకోండి. అటకకు ముందు తలుపులే వేసి, లోపల పెట్టె చేయకుండా, పూర్తి పెట్టె రేటు కట్టడం కొటేషన్లలో తరచు కనిపించే విషయం.

ఒక చదరపు అడుగు వెనక ఎంత చెక్క?

మరీ తక్కువ రేటు చెప్పినవారిని పరీక్షించడానికి ఇది మంచి దారి. 2 అడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు, 2 అడుగుల లోతు ఉన్న కింది అర ఒకటి తీసుకోండి. ముందు నుంచి చూస్తే అది 5 చదరపు అడుగులే. అందులోకి వెళ్లే మందపాటి పలకలు ఇవి:

• పక్క పలకలు రెండు: 10 చదరపు అడుగులు
• అడుగు పలక: 4
• మధ్య అర: 4
• పైన పట్టీలు: సుమారు 1
• తలుపు: 5

మొత్తం 24 చదరపు అడుగులు. వెనక వేసే పలుచని పలక దీనికి అదనం. అంటే కింది అరలో కనిపించే ప్రతి చదరపు అడుగు వెనక దాదాపు ఐదు చదరపు అడుగుల పలక ఉంది. ఒక అడుగు లోతుండే పై అరల్లో ఇది సుమారు మూడున్నర ఉంటుంది.

మీ ఊళ్లో ప్లైవుడ్ దుకాణానికి వెళ్లి, కొటేషన్‌లో రాసిన రకం 18 ఎంఎం పలక చదరపు అడుగు ఎంతో కనుక్కోండి. వాళ్లు 120 రూపాయలు చెప్పారనుకుందాం. కింది అరకు పలక ఖర్చే ఎస్‌ఎఫ్‌టీకి 600 దాకా అవుతుంది. దానిపై బయటి లామినేట్, లోపలి లామినేట్, అంచు పట్టీ, కబ్జాలు, కోత, బిగింపు, రవాణా, అద్దె, జీతాలు, లాభం అన్నీ రావాలి. అలాంటప్పుడు ఎవరైనా "మెరైన్ ప్లైవుడ్, అన్నీ కలిపి 850" అంటే ఆ లెక్క ఎక్కడో కుదరడం లేదు. పలక అయినా వేరేది, మందమైనా తక్కువ, లేదా తర్వాత అదనంగా అడగబోతున్నారు. అదే పలకకు ఎస్‌ఎఫ్‌టీ 3,000 చెప్పేవారిని, ఆ తేడా దేనికో వివరించమని అడిగే హక్కు మీకుంది.

పలక పేరు, ముద్ర, మందం

"వాటర్‌ప్రూఫ్ ప్లై" అని రాసి ఉంటే సరిపోదు. మెరైన్ ప్లైవుడ్‌కు భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 710. సాధారణ అవసరాల ప్లైవుడ్‌కు ఐ.ఎస్. 303. వీటిలో ఏదో కొటేషన్‌లో అంకెతో సహా రాయించండి. పలకపై ఐఎస్ఐ గుర్తు, దాని కింద సీఎం/ఎల్‌తో మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటాయి. భారతీయ ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే లైసెన్సు ఎవరిదో, అమల్లో ఉందో లేదో తెలుస్తుంది. పలకలు కోసి లామినేట్ అంటించాక ఈ ముద్ర కనిపించదు. అందుకే కోతకు ముందే పలకల ఫొటోలు పంపమని షరతు పెట్టండి.

అన్నిచోట్లా మెరైన్ ప్లైవుడే కావాలని లేదు. సింకు కింద, గ్యాస్ గట్టు కింద, నేలకు దగ్గరగా ఉండే అరలకు తేమ తట్టుకునే పలక తప్పనిసరి. పై అరలకు, అటక తలుపులకు హెచ్‌డీహెచ్ఎంఆర్ లాంటి ఒత్తైన పలక వాడినా బాగానే నడుస్తుంది. ఎండీఎఫ్ నునుపుగా ఉంటుంది కానీ నీళ్లు తగిలితే ఉబ్బుతుంది. పార్టికల్ బోర్డు అన్నిటికంటే చౌక, తేమకు అన్నిటికంటే ముందు పాడయ్యేది కూడా అదే. రోజూ గట్టు కడిగి నీళ్లు కిందికి తోసే అలవాటున్న మన ఇళ్లలో సింకు కింద దాన్ని వేస్తే ఎక్కువ కాలం నిలవదు. పార్టికల్ బోర్డు వేయడం తప్పు కాదు, దానికి ప్లైవుడ్ ధర తీసుకోవడమే తప్పు.

ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇంకో ప్రశ్న అడగండి. ఈ పలకల జిగురులోంచి ఫార్మాల్డిహైడ్ అనే ఘాటైన వాయువు కొంతకాలం వస్తుంది. ఈ1 కంటే ఈ0 రకంలో అది తక్కువ. ఏ రకమో కాగితం మీద రాయించుకోండి. పని పూర్తయ్యాక కొన్ని రోజులు కిటికీలు తెరిచి ఉంచండి.

కంటికి ఆనని సామాను

రెండు కొటేషన్ల మధ్య పెద్ద తేడా చాలాసార్లు తలుపు రంగులో ఉండదు. తలుపు వెనక ఉండే ఇనుప సామానులో ఉంటుంది. హెట్టిక్, హాఫెలే, బ్లూమ్, ఎబ్‌కో వంటి పేర్లు కొటేషన్‌లో కనిపిస్తే చాలామంది తృప్తిపడిపోతారు. ఒకే కంపెనీలో మామూలు కబ్జా ఉంటుంది, మెల్లగా మూసుకునే సాఫ్ట్‌క్లోజ్ కబ్జా ఉంటుంది. రెండిటి ధరా ఒకటి కాదు. కాబట్టి పేరుతో పాటు మోడల్, సంఖ్య కూడా రాయించాలి.

• మామూలు కింది తలుపుకు రెండు కబ్జాలు. ఎత్తు పెరిగే కొద్దీ మూడు, నాలుగు కావాలి. మొత్తం ఎన్నో లెక్కపెట్టండి.
• సొరుగులు ఎన్ని, ఒక్కొక్కటి ఎన్ని కిలోలు మోస్తుంది? స్టీలు డబ్బాలు, పప్పులు, ఇత్తడి గిన్నెలు పెట్టే సొరుగుకు పెద్ద బరువు మోసే పట్టాలు కావాలి. గరిటెల సొరుగుకు అంత అవసరం లేదు.
• 25 కిలోల బియ్యం బస్తా, వెట్ గ్రైండర్, ఆవకాయ జాడీలు ఎక్కడ పెడతారో డిజైన్‌లో చూపించమనండి. ఇవి లేని డిజైన్ మన వంటగదికి పనికిరాదు.
• లాగే బుట్టలు స్టెయిన్‌లెస్ స్టీల్ అయితే 304 రకమా, 202 రకమా? 202 చౌక, తడిలో తుప్పు పట్టే అవకాశం ఎక్కువ. "అయస్కాంతం అంటుకోలేదు కాబట్టి 304" అనే మాట నమ్మొద్దు. 202 కూడా అయస్కాంతానికి పెద్దగా అంటుకోదు. రకం ఏదో బిల్లుపై రాయించడమే మార్గం.

సొరుగులు, బుట్టలు, మూలలో తిరిగే అరలు ఖర్చు పెంచేస్తాయి. రోజూ వాడే మూడు నాలుగు చోట్ల సొరుగులు పెట్టి మిగిలినచోట మామూలు అరలు వేస్తే కొటేషన్ అక్కడే బాగా తగ్గుతుంది. నాణ్యత తగ్గించకుండా ధర తగ్గించే పద్ధతి ఇది.

"ఇందులో లేనివి" అనే మాట ఎక్కడుంది?

కొటేషన్ చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఒక జాబితా ఉంటుంది. లేకపోతే మీరే అడిగి రాయించండి. సాధారణంగా బయట మిగిలిపోయేవి ఇవి: పాత గట్టు పగలగొట్టడం, ఆ మట్టి తరలించడం, గట్టు రాయి, సింకు, కుళాయి, ప్లంబింగ్, కరెంటు పాయింట్లు, గోడ టైల్స్, చిమ్నీ గొట్టానికి గోడకు రంధ్రం, హ్యాండిళ్లు, రవాణా, పై అంతస్తుకు మోత కూలి.

గట్టు రాయి విషయం విడిగా చూడాలి. ప్రకాశం జిల్లా చీమకుర్తి నల్ల గ్రానైట్ మనకు దగ్గరలోనే దొరుకుతుంది, వేడికి, పోపు నూనెకు బాగా తట్టుకుంటుంది. రాయికి రేటు చెప్పినప్పుడు వృథా ముక్కను ఎవరు భరిస్తారు, అంచు పాలిష్ రన్నింగ్ ఫుట్‌కు ఎంత, సింకు కోతకు, స్టౌ కోతకు ఎంత అని అడగండి. రాయి రేటు తక్కువ చెప్పి ఈ నాలుగింటిలో రాబట్టుకోవడం మామూలే.

గ్యాస్ సిలిండర్ అరలోపల పెట్టేలా డిజైన్ చేస్తే ఆ అర కింది భాగంలో గాలి ఆడే రంధ్రాలు ఉన్నాయో లేదో చూడండి. వంటగ్యాస్ గాలికంటే బరువు. లీకైతే కిందనే పేరుకుంటుంది. ఇది డబ్బు సంగతి కాదు, ప్రాణాల సంగతి.

పన్ను, బిల్లు, అడ్వాన్సు

మాడ్యులర్ కిచెన్ పనిపై జీఎస్టీ సాధారణంగా 18 శాతం. మూడు లక్షల కొటేషన్‌పై అది 54,000. చాలా ఇళ్లకు అది ఒక టర్మ్ ఫీజు లాంటి మొత్తం. ఒకరు పన్ను కలిపి, ఇంకొకరు కలపకుండా చెబితే పోలిక తప్పుతుంది. అన్నిటినీ పన్నుతో కలిపే పోల్చండి.

"బిల్లు వద్దంటే పన్ను తీసేస్తాం" అనే మాట వినిపిస్తుంది. బిల్లు లేకపోతే రేపు పలక ఉబ్బినా, సొరుగు విరిగినా వారంటీ అడగడానికి మీ చేతిలో ఏమీ ఉండదు. బిల్లుపై ఉండే జీఎస్టీ నంబరులో 15 అక్షరాలు, అంకెలు ఉంటాయి. మొదటి రెండు అంకెలు తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. జీఎస్టీ పోర్టల్‌లో ఆ నంబరు కొట్టి పేరు సరిపోయిందో చూడవచ్చు. కాంపోజిషన్ పథకంలో ఉన్న చిన్న వ్యాపారులు కొనుగోలుదారు నుంచి విడిగా జీఎస్టీ వసూలు చేయకూడదు. అలాంటివారు 18 శాతం కలిపితే ప్రశ్నించండి.

డబ్బంతా ముందే ఇవ్వడం మంచిది కాదు. డిజైన్ ఖాయమైనప్పుడు కొంత, సామాను కోతకు వెళ్లేటప్పుడు కొంత, ఇంటికి చేరాక కొంత ఇచ్చి, బిగింపు పూర్తయ్యాక ఇవ్వడానికి కనీసం పదో వంతు ఉంచుకోండి. చివరి తలుపు సరిచేసేదాకా మేస్త్రి మళ్లీ రావడానికి ఆ మొత్తమే కారణమవుతుంది. పని పూర్తి చేసే తేదీ, ఆలస్యమైతే ఎంత తగ్గిస్తారు, అడ్వాన్సు ఏ పరిస్థితిలో తిరిగి ఇస్తారు, ఈ మూడూ ఒప్పందంలో ఉండాలి. జూన్‌లో బడి తెరిచేనాటికి వంటగది సిద్ధం కాకపోతే పొద్దున్నే లంచ్‌బాక్సులు ఎలా అన్నది ఒప్పందం రోజే ఆలోచించాలి.

అసలు మొత్తం మార్చాలా?

మన ప్రాంతంలో చాలా ఇళ్లలో గట్టు కింద కడప బండలతో కట్టిన అరలుంటాయి. అవి నీళ్లకు ఉబ్బవు, చెద పట్టవు. గట్టు గట్టిగా, ఎత్తు మీకు సరిపడేలా ఉంటే వాటిని పగలగొట్టక్కర్లేదు. ఆ అరలకు చట్రం బిగించి తలుపులు, రెండు మూడు లాగే బుట్టలు పెట్టించుకోవచ్చు. పెట్టెల ఖర్చు చాలావరకు మిగులుతుంది. షోరూమ్ వారు ఈ మాట వారంతట వారు చెప్పరు. మీరే అడగండి.

అలాగే కార్పెంటర్, ఫ్యాక్టరీ రెండిట్లో ఒకటే మంచిదని చెప్పలేం. ఫ్యాక్టరీలో కోత, అంచు పట్టీ యంత్రంపై చేస్తారు, ఇంట్లో దుమ్ము తక్కువ, బిగింపు కొద్దిరోజుల్లో అయిపోతుంది. దానికి షోరూమ్ అద్దె, డిజైనర్ జీతం కూడా ధరలో కలుస్తాయి. కార్పెంటర్ దగ్గర పలక మీరే కొని, కళ్లముందే కోయించవచ్చు. పని వారాలు పట్టవచ్చు, అంచుల నాణ్యత ఆయన చేతిని బట్టి ఉంటుంది. రెండిటి ధరల్లో తేడా ఉండడం సహజం. ఒకే రకం సామాను, ఒకే కొలత, ఒకే పన్నుపై ఇద్దరు ఫ్యాక్టరీవారి మధ్య పెద్ద తేడా వస్తేనే కారణం వెతకాలి.

సంతకానికి ముందు ఏడు ప్రశ్నలు

1. ఎస్‌ఎఫ్‌టీ ఎలా కొలిచారు? మూల, ఖాళీలు ఎలా లెక్కేశారు?
2. ఏ పలక, ఎంత మందం, ఏ ఐ.ఎస్. నంబరు, ఏ అరకు ఏది?
3. తలుపు బయట, లోపల ఏ లామినేట్, ఎంత మందం?
4. కబ్జాలు, సొరుగులు, బుట్టలు: కంపెనీ, మోడల్, సంఖ్య?
5. కొటేషన్‌లో లేనివి ఏమిటి?
6. పన్ను కలిపి చివరి మొత్తం ఎంత?
7. వారంటీ దేనికి, ఎన్నేళ్లు, ఎవరిస్తారు?

ఈ ఏడింటికీ కాగితంపై జవాబిచ్చినవారి ధర కొంచెం ఎక్కువైనా ఆలోచించవచ్చు. "మీకెందుకు సార్, మేం చూసుకుంటాం" అన్నవారి ధర తక్కువైనా ఆగడం మంచిది.

అన్నీ చూసుకున్నా పని తేడా వస్తే ముందుగా లిఖితపూర్వకంగా, ఫొటోలతో వారికే తెలపండి. స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు అయితే ఫిర్యాదుకు రుసుము లేదు.

పిల్లలతో కలిసి

ఈ ఆదివారం టేపు మీ పిల్లల చేతికిచ్చి వంటగది గోడలు కొలిపించండి. గ్రాఫ్ కాగితంపై గీయించి, పైన చెప్పిన రెండు పద్ధతుల్లో చదరపు అడుగులు లెక్కకట్టమనండి. రెండు జవాబులు ఎందుకు వేరయ్యాయో వాళ్లనే చెప్పమనండి. ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టుకుని షోరూమ్‌కు వెళ్లండి. కొలత మీ చేతిలో ఉంటే బేరం కూడా మీ చేతిలోనే ఉంటుంది.